కరుణాలయం, పన్నెండో బ్లాకు తలుపులు

రోజు 1. మార్కు: తొమ్మిది

తలుపు ఈ సాయంత్రం నాకు తొమ్మిది వేసింది. నూటికి తొమ్మిది.

"ఈ నీడనిచ్చిన ప్రభుత్వానికి నా హృదయపూర్వక ధన్యవాదాలు." ఒక్క అక్షరం తప్పు పోలేదు. కానీ తలుపుకి అక్షరాలతో పని లేదు. గొంతులో వణుకు కావాలి, ఊపిరిలో వెచ్చదనం కావాలి. మాట గుండెలోంచి వచ్చిందా పళ్ల సందుల్లోంచి వచ్చిందా అని కొలిచే మీటరు ఒకటి గడియ పక్కన, చిల్లుల మూతలాగా, గుండ్రంగా ఉంటుంది. నలభై దాటితే తలుపు తెరుచుకుంటుంది. దాటకపోతే "మరోసారి ప్రయత్నించండి" అంటుంది, తేనె పూసిన ఆడగొంతుతో.

మూడుసార్లు ప్రయత్నించాను. తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది. చివరికి మా పెద్దమ్మ మాసేనమ్మ లోపలి నుంచి తీసింది.

తలుపు మీద పసుపు నోటీసు ఉంది. ఇంట్లో పెద్దవాళ్లందరి మార్కుల సగటు యాభై ఉండాలి. ఈ నెల నుంచి నేనూ పెద్దవాణ్నే. పెద్దమ్మకి రోజూ తొంభై ఒకటి వస్తుంది. నాకు తొమ్మిది వచ్చిన రోజున లెక్క సరిగ్గా యాభై, ఎనిమిది వచ్చిన రోజున గోవిందా. ఇకనుంచి ముప్పై రోజులు గడువు. ముప్పయ్యో రోజుకి సగటు చేరకపోతే ఎర్ర నోటీసు, దాంతో కేటాయింపు రద్దు. పోనీ నేను ఇల్లు వదిలి వెళ్లిపోదామంటే ఒంటరి మనిషికి ఇల్లు ఇవ్వరు. పెద్దమ్మని ఊరవతల రేకుల షెడ్డుకి పంపుతారు. సముద్రం వాసన లేనిచోట ఆవిడ పది రోజులు బతకదు.

ఈ నోటీసుకి ఒక మర్యాద ఉంది. అది తలుపుకే అంటించాలి, లేకపోతే చెల్లదు. నిన్న జిగురు డబ్బాతో వచ్చినవాడు పొరపాటున గోడకి అంటించి, నాలుగంతస్తులు దిగి, రూలు గుర్తొచ్చి మళ్లీ నాలుగంతస్తులు ఎక్కి, ఒగరుస్తూ పీకి, తలుపుకి అంటించి ఫొటో తీసుకున్నాడు. మనిషిని రోడ్డున పడేయడానికి కూడా వీళ్లకి ఒక పద్ధతి ఉంది. చూసి నేర్చుకోవాలి.

ఇదంతా ఈ కరుణాలయం ఇళ్ల పథకం వాళ్లు పంచిన ధన్యవాద పత్రాల వెనక రాస్తున్నాను. ముందు వైపు మంత్రిగారు నవ్వుతుంటారు. వెనక వైపు ఖాళీ. ఆయన గురించి ఇంతకన్నా రాయాల్సింది లేదు.

రోజు 3. మార్కు: ఏడు

ఉప్పు కర్మాగారంలో షిఫ్టు దిగి వచ్చేసరికి వరండా నిండా జనం. ఒక్కొక్కరూ తమ తమ తలుపుల ముందు నిలబడి, చెప్పులు విడిచి, ధన్యవాదాలు చెప్పుకుంటున్నారు. అరవై నాలుగు కుటుంబాలు. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయే ఇళ్ల కోసం ఇరవై ఏళ్లుగా రోజుకి రెండుసార్లు దండం పెడుతున్నారు. నా దగ్గర ఒక ట్రంకుపెట్టెడు పాత కరపత్రాలున్నాయి, ఎప్పుడో ఒక యూనియన్ ఆయన కర్మాగారం కాపలా గదిలో వదిలేసి పోయినవి. వాటి చివరి పేజీలు చెదలు తినేశాయి. అయినా తిననంత మేరకు ఒకటే రాసి ఉంది: హక్కుకి ధన్యవాదం చెప్పినవాడు దాన్ని భిక్షగా మార్చుకుంటాడు. ఈ ముక్క మావాళ్లకి ఎన్నిసార్లు చెప్పానో. వినరు. తలూపుతారు, చెప్పులు విడుస్తారు.

పక్కింటి గురయ్య మావకి తొంభై ఆరు వచ్చింది. బ్లాకులో ఆయనే ఫస్టు. తలుపు ఆయన కోసం చప్పుడు చెయ్యకుండా తెరుచుకుంటుంది, కొత్తల్లుడికి తెరిచినట్టు.

"ఏరా గుంటడా, ఎంతేసింది?" అన్నాడు.

"ఏడు."

"మొన్న తొమ్మిది కదరా! సదువుతున్న కొద్దీ తగ్గుతందేటి?"

ఎదురింటి బంగారి నాతోపాటే ఉప్పు గీకుతుంది, నాకన్నా రెండేళ్లు పెద్ద. అది కిసుక్కున నవ్వి, "తలుపు ఆడికి పరీచ్చ పెట్టడం లేదు మావా. ఆడే తలుపుకి పెడతన్నాడు. రోజూ ఫెయిల్ సేసి పంపుతన్నాడు" అంది.

"నవ్వండి. తొంభై ఆరు మార్కుల బానిసలు" అన్నాను.

గురయ్య మావ నవ్వడం ఆపాడు గానీ కోపం తెచ్చుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "లోపలికెల్లు. మీ పెద్దమ్మ గంటనించి నీకోసం నిలబడుంది, తలుపు తియ్యడానికి" అన్నాడు.

కోపం కూడా రాని మనుషులతో విప్లవం ఎలా చెయ్యాలో ఏ కరపత్రంలోనూ లేదు. బహుశా చివరి పేజీల్లో ఉండేదేమో.

రోజు 6. మార్కు: నాలుగు

పసుపు నోటీసు వచ్చినవాళ్లు కృతజ్ఞతా శిబిరానికి హాజరు కావాలి. వెళ్లాను. పన్నెండో బ్లాకు నుంచి నేనొక్కణ్నే. సంతృప్తి అధికారిణి హైమవతిగారు పాఠం చెప్పారు. ఉతికి ఇస్త్రీ చేసిన మనిషి.

"కళ్లు మూసుకోండి. ఇల్లు లేని రోజుల్ని గుర్తు చేసుకోండి. ఇప్పుడు మీ నెత్తిన పైకప్పు ఉంది. ఎలా అనిపిస్తోంది?"

"మేడం, మా పాత ఊరు సముద్రంలో ఎందుకు కలిసింది?" అన్నాను.

"కళ్లు మూసుకోండి బాబూ."

"మూసుకునే అడుగుతున్నాను. రేవు కోసం మీరు గోడ కట్టారు. అక్కడ ఆగిన నీళ్లు మా ఊరి మీదికొచ్చాయి. ఇల్లు తీసుకున్నది మీరు. ఇచ్చింది కూడా మీరే అంటారు. సగం ధన్యవాదం చెబితే సరిపోతుందా?"

ఆవిడ చేతిలోని వెలిగే పలకని వేలితో పైకీ కిందకీ జరిపి చూసింది. "అది ఈ పాఠంలో లేదు" అంది.

నిజంగా వెతికింది. అదే నాకు అసహ్యం. వెక్కిరించినా బాగుండేది.

శిబిరం చివర ఉప్మా పెట్టారు, దానికీ ధన్యవాదం చెప్పించారు. ఇంటికొచ్చి ఆ ఊపులోనే తలుపుతో మాట్లాడితే నాలుగు వేసింది.

రోజు 11. మార్కు: ఆరు, తర్వాత పదమూడు

ఇంకా పందొమ్మిది రోజులు. సగటు నలభై ఎనిమిది దగ్గర కొట్టుకుంటోంది. పెద్దమ్మ ఇంతవరకు నన్ను ఒక్కమాట అనలేదు. ఇవాళ ఎండు నెత్తళ్ల చేపలు ముందేసుకుని తలలు తుంచుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"తలుపు కాడ నిలబడి ఎవుర్ని తలుసుకుంతన్నావురా?"

"ఎవర్నేమిటి? ప్రభుత్వాన్ని. అందుకే పళ్లు పటపటమంటున్నాయి."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! పెబుత్వాన్ని తలుసుకుంతే నాకూ ఆరే వస్తాది."

నెత్తళ్ల చాట పక్కన పెట్టింది. లేచి వెళ్లి కిటికీ మూసింది. ఇప్పటివరకు ఎవరికీ చెప్పని మాట అని అప్పుడే నాకు తెలియాల్సింది.

మా వాళ్లకి ఒక ఆచారం ఉండేదట. వేటకి వెళ్లేముందు తెప్ప తల మీద చెయ్యి వేసి, తనని ఒకప్పుడు బతికించిన ప్రాణిని ఒకదాన్ని మనసులో తలుచుకుని అప్పుడు ఎక్కేవారు. మనిషి కావచ్చు, గొడ్డు కావచ్చు, చెట్టు కావచ్చు. ఎవర్ని తలుచుకున్నదీ పైకి చెప్పరు. భార్య భర్తకి చెప్పదు. చెబితే బలం పోతుంది. ఈ ఇళ్లకి వచ్చిన మొదటి వారం అందరికీ ఐదూ ఆరే వచ్చాయట. వరండాలో పడుకున్నారట. ఎనిమిదో రోజున ఎవరో ముసలామె అలవాటుకొద్దీ తలుపు మీద చెయ్యి వేసి, తెప్ప ఎక్కేముందు తలుచుకునేదాన్ని తలుచుకుని, ఆ ధన్యవాదం ముక్క చెప్పింది. ఎనభై ఎనిమిది వచ్చింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒకరిని చూసి ఒకరు చెయ్యి వేశారు.

"నీకు సెప్పకూడదు. ఇల్లు పోతాదని సెప్తన్నాను. నేను మా తెప్పనే తలుసుకుంతాను. ఊరు మునిగినప్పుడు రొండు పగళ్లు దాని మీదే ఉన్నాను. మీయమ్మ అప్పటికే నీళ్లపాలయిపోయింది. తొమ్మిది నెల్ల గుంటడివి, నిన్ను వలముక్కతో నా కడుపుకి కట్టీసుకున్నాను. తెప్ప ఇడిసిపెట్టలేదు. ఈ ఇల్లు రావాలంతే తెప్ప ఇచ్చీయాలన్నారు. పడవున్నోడు పేదోడు కాదంట. ఇచ్చీసినాను. ఆ దుంగల్తోటే మంత్రిగారికి సోగత తోరణం కట్టినారు."

కాసేపటికి తనలో తను నవ్వుకుంది. "గురయ్య ఎవుర్ని తలుసుకుంతాడో తెలుసా? ఆ ఉప్పెన రోజున మొరిగి లేపిన కుక్కని. దానికే తొంబై ఆరు. ఆడు సెప్పలేదు, నేనే పసిగట్టినాను. ఎక్కడా అనీకు."

"మరి నేనెవర్ని తలుచుకోవాలి? నాకెవరున్నారు?" అన్నాను.

పెద్దమ్మ నా వైపు చూసింది. తర్వాత చాట దగ్గరకి లాక్కుని మళ్లీ తలలు తుంచడం మొదలుపెట్టింది.

సాయంత్రం బయటికెళ్లి, తిరిగొచ్చేటప్పుడు కరపత్రం రాసిన మహానుభావుణ్ని తలుచుకుని చెప్పి చూశాను. పదమూడు. నా జీవితంలో అదే ఎక్కువ.

రోజు 12. మార్కు: పదకొండు

నిద్ర పట్టలేదు, సంతోషంతో. ఇన్నాళ్లూ వీళ్లని బానిసలనుకున్నాను. వీళ్లు ఇరవై ఏళ్లుగా ప్రభుత్వాన్ని ముఖం మీదే మోసం చేస్తున్నారు! అరవై నాలుగు కుటుంబాల తిరుగుబాటు. దానికి ఒక పేరు లేదు, ఒక కరపత్రం లేదు. పేరు లేకపోతే తిరుగుబాటు ఉన్నట్టా?

రాశాను. మంత్రిగారి వీపు మీదే రాశాను:

"కరుణాలయం పేదలు మీకెన్నడూ ధన్యవాదం చెప్పలేదు! మీ మీటరు కొలిచిన కృతజ్ఞత మీది కాదు. అది మునిగిన ఊరిది, పోయిన తెప్పలది. పన్నెండో బ్లాకులో మీ మంత్రికన్నా ఒక కుక్కకి ఎక్కువ విలువ. ఆ కుక్కకి తొంభై ఆరు మార్కులు!"

నలభై ప్రతులు చేతితో రాశాను. కర్మాగారం గేటుకి, బస్సు స్టాపుకి, సంతృప్తి కార్యాలయం గోడకి అంటించాను. గోడకి అంటించినా చెల్లుతుంది నాది.

రోజు 15. మార్కు: పది

ఊరంతా చదివింది. కర్మాగారంలో సూపర్వైజరు కూడా చదివి నవ్వాడు. మూడు రోజులు నేల మీద నడవలేదు నేను.

ఇవాళ షిఫ్టులో గురయ్య మావ ఉప్పు బస్తా ఎత్తుతుంటే ఎవడో వెనక నుంచి మొరిగాడు. ఇంకొకడు అందుకున్నాడు. లైను పొడుగునా మొరిగారు. గురయ్య మావ బస్తా దించి, చేతులు తుడుచుకుని, మళ్లీ ఎత్తాడు.

సాయంత్రం ఆయన తలుపు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ముప్పై ఒకటి. "మరోసారి ప్రయత్నించండి." మరోసారి చేశాడు. ఇరవై ఎనిమిది.

"మావా..." అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. "దానికి పేరు కూడా పెట్టలేదురా నేను. నా మనసులోనే ఉండేది. ఇప్పుడు తలుసుకుంతే ఆళ్ల మొరుగుడే ఇనబడతంది" అన్నాడు తలుపుతో.

వాళ్లింట్లోవాళ్లు ఇంకా పనుల్లోంచి రాలేదు, బంగారి వచ్చి ఆయన్ని తన ఇంట్లో కూర్చోబెట్టింది. నా పక్కనుంచి పోతూ, "నీకు అచ్చరాలు నేర్పినోడెవడో ఆడి సెయ్యి ఇరగ్గొట్టాల" అంది.

పెద్దమ్మ లేచి వెళ్లి కిటికీ తెరిచేసింది. ఇక మూసి దాచాల్సింది ఏముందని కాబోలు.

రోజు 18. మార్కు: మూడు

నా కరపత్రం చదవాల్సినవాళ్లు కూడా చదివారు. పొద్దున్నకల్లా తలుపులన్నిటికీ కొత్త బుద్ధి వచ్చింది, ప్రయోగాత్మకంగా మా ఒక్క బ్లాకుకే. మీటరు పైన మంత్రిగారి బొమ్మ వెలుగుతుంది. దాని కళ్లలోకే చూడాలి. ధన్యవాదం అయ్యాక తలుపు, "ఎవరికి?" అంటుంది. పేరు పైకి చెప్పాలి. చెప్పిన పేరుకీ గొంతుకీ పొంతన కుదరాలి.

పెద్దమ్మకి ఏడు వచ్చింది. తొంభై ఒకటి నుంచి ఏడు. ఆవిడ నవ్వింది గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు. బంగారికి పదకొండు. గురయ్య మావకి సున్నా, ఆయన బొమ్మ వైపు అసలు చూడలేదు. సాయంత్రానికి అరవై నాలుగు తలుపులకీ పసుపు నోటీసులు. జిగురువాడు మెట్ల మీద కూర్చుని నీళ్లడిగాడు. పెద్దమ్మే ఇచ్చింది.

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒకరు లోపల ఉంటేనే తక్కినవాళ్లకి తలుపు తెరుచుకుంటుంది. వంతులు వేసుకుని కాపలా ఉంటున్నారు. మాకు ఇచ్చిన గడువే అందరికీనట, కార్యాలయం సౌకర్యం కోసం. ముప్పయ్యో రోజున అందరికీ కలిపి ఎర్ర నోటీసులు. అంటే ఇక పన్నెండు రోజులు.

ఇందులో ప్రభుత్వం చేసింది నాకు కొత్త కాదు. నేను చేసిందే కొత్త. కోపం మీద కరపత్రం రాయొచ్చు. సిగ్గు మీద ఎలా రాయాలో తెలియదు.

రోజు 21. మార్కు: లేదు

హైమవతిగారు అవగాహన సభ పెట్టారు, మధ్యాహ్నం పన్నెండింటికి, బ్లాకు ముందు ఎండలో. ప్రతి మనిషీ హాజరు కావాలి, లేకపోతే హాజరు మార్కు పోతుంది. మంచం మీదున్న ముసలివాళ్లని కూడా కుర్చీల్లో దించారు. అరవై నాలుగు ఇళ్లలో ఒక్కరు కూడా మిగల్లేదు. తలుపులన్నీ ఒక్కసారే మూసుకున్నాయి. లోపలి నుంచి తీసేవాళ్లు ఎవరూ లేరని గంట తర్వాతగాని ఆవిడకి తట్టలేదు. ఆవిడే వెళ్లి ఒక తలుపు ముందు నిలబడి చెప్పింది, పాఠం చెప్పే గొంతుతోనే. పందొమ్మిది వచ్చింది. మొహం ఎర్రబడింది.

"మూడు నెలల పునఃశిక్షణ ఉంటుంది. అంతవరకు షెడ్లలో తాత్కాలికంగా..." అంటోంది.

నేను బల్ల ఎక్కాను. "మిత్రులారా!" అన్నాను.

"నోరు మూసుకుని దిగుతావా, దించమంటావా?" అంది బంగారి. దిగాను.

నాలుగో అంతస్తు వరండా నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. ఎప్పుడు ఎక్కిందో. మా తలుపు పక్కన గొంతుక్కూర్చుని మడతబందుల్ని వేలితో తడిమి చూస్తోంది. మా తలుపులు వరండాలోకి తెరుచుకుంటాయి కాబట్టి బందులు బయటే ఉంటాయి.

"అమ్మా హైమోతమ్మా! ఈ తలుపు మాకిచ్చిందేనా? ఇంటితోపాటేనా?"

"అవునమ్మా. ఇల్లూ, తలుపూ, అన్నీ ప్రభుత్వం మీకిచ్చిన కానుకే."

"అయితే సరే."

పెద్దమ్మ జడలోంచి ఇనప సూది తీసింది, వల అల్లుకునేది. బందులో చీలని కిందనుంచి పొడిచి, చెప్పుతో ఒక్క దెబ్బ కొట్టింది. చీల ఎగిరి వరండాలో పడింది.

మా వాళ్లు తెప్ప విప్పడం నేనెప్పుడూ చూడలేదు. వేట నుంచి వచ్చిన ప్రతిరోజూ తెప్పని దుంగ దుంగగా విప్పి ఇసకలో ఎండబెట్టి, తెల్లారి మళ్లీ కట్టేవారట. ముప్పై ఏళ్లపాటు ప్రతిరోజూ విప్పి కట్టిన చేతులు ఇప్పుడు తలుపుల మీద పడ్డాయి. పైన ఇద్దరు, కింద ఇద్దరు, ఒకరు చీల, ఒకరు తాడు. గురయ్య మావ పాత పాట రాగం తీసి, మాటలు మర్చిపోయి, ఉత్త "హైలెస్సా"తోనే లాగించాడు. ఒక్కో తలుపుకీ పది చెప్పు దెబ్బలు కూడా పట్టలేదు. మూడున్నరకల్లా అరవై నాలుగు తలుపులు కింద పెరట్లో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, కరువుకాలం దోసెల్లా, పల్చగా.

"ఇది ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కిందికి వస్తుంది" అంది హైమవతిగారు. గొంతులో నమ్మకం లేదు.

"ఎక్కడ ద్దొంసమయింది తల్లీ? ఒక్క సీలైనా వంగిందేటి సూడు" అన్నాడు గురయ్య మావ. చీలలన్నీ ఆయన తలగుడ్డలో మూటకట్టి ఉన్నాయి.

నేను? నేను చెప్పులు అందించాను.

రోజు 24. మార్కు: లేదు

తలుపుల్లేని ఇల్లు గురించి నా దగ్గర ఒక కరపత్రం ఉంది. సొంత తలుపు అనేది సొంత ఆస్తికి మొదటి మెట్టని, తలుపులు పోయిన రోజున మనుషులు కలుస్తారని రాశాడు. రాసినవాడు ఎప్పుడూ తలుపు లేకుండా స్నానం చేసి ఉండడు. ఈ పొద్దున నేను తువ్వాలుతో ఉండగా బంగారి వాళ్లమ్మ ఉప్పు కోసం వచ్చి, కావలసినంత తీసుకుని, "ఎండిపోయినావురా గుంటడా" అని పోయింది. ఎవరిదో కోడి వచ్చి నా కరపత్రాల ట్రంకులో గుడ్డు పెట్టింది. ఆ ట్రంకులో పనికొచ్చే వస్తువు ఇన్నాళ్లకి అదొక్కటే.

అసలు సంగతి ఇది. తలుపులు తేలిక రకం ఫైబరు, లోపల నురుగు. పెద్దమ్మ ఒకదాన్ని నీళ్లలోకి తోసి చూసింది. తేలింది. నాలుగు కలిపి తాళ్లతో బిగించింది. మనిషి ఎక్కితే రెండు వేళ్లు మునిగింది, అంతే.

"మావా, పడవున్నోడు పేదోడు కాదంటే?" అంది బంగారి.

"పడవెక్కడుందే? తలుపు మీద కూకున్నాను. ఆళ్లిచ్చిన తలుపే. ఇంట్లో కూకుంతానో నీళ్లలో కూకుంతానో నాయిష్టం" అన్నాడు గురయ్య మావ.

నాలుగేసి తలుపులకి ఒక తెప్ప. పదహారు తెప్పలు. ఇరవై ఏళ్ల తర్వాత ఈ ఒడ్డున పచ్చి చేప వాసన. మా బ్లాకు పిల్లలు అది కంపు అని ముక్కులు మూసుకున్నారు.

తలుపుల్లో బ్యాటరీలు ఇంకా చావలేదు. అల వచ్చి మీటరు మీద కొట్టినప్పుడల్లా తేనె గొంతు మాట్లాడుతూనే ఉంది. మొదట అందరం ఉలిక్కిపడ్డాం. తర్వాత ఒడ్డున కూర్చుని వినడమే పనిగా పెట్టుకున్నాం.

"ఎనభై నాలుగు. ఎవరికి?"

అల వెనక్కి పోతుంది.

"మరోసారి ప్రయత్నించండి."

అల మళ్లీ వస్తుంది. "తొంభై ఎనిమిది. ఎవరికి?"

"అబ్బో, నా రికార్డు పోయిందిరా!" అన్నాడు గురయ్య మావ. కరపత్రం తర్వాత నేనున్న వైపు చూసి మాట్లాడటం ఇదే మొదలు. మాట నాతో కాదు, నేనున్న వైపుకి. అదే చాలనుకున్నాను.

రోజు 30. మార్కు: పెద్దమ్మ వేసింది

పొద్దున తొమ్మిదికి హైమవతిగారు, జిగురు డబ్బాతో ఆ మనిషి, ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. చేతిలో అరవై నాలుగు ఎర్ర నోటీసులు. బ్లాకులో ఏ గుమ్మానికీ తలుపు లేదు. ఉత్త చట్రాలు. వేటకి పోనివాళ్లు లోపల ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు.

"చట్రానికి అంటించెయ్" అన్నాడు కానిస్టేబులు.

జిగురుమనిషి తల అడ్డంగా తిప్పాడు. "తలుపుకేనండి. గోడకంటిస్తే ఓసారి నా ఇంక్రిమెంటు ఆపీసినారు."

హైమవతిగారు పలకలో రూలు వెతికింది. ఈసారి పాఠంలో ఉంది. తలుపు మధ్యలో, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, ఫొటోతో సహా. అందరూ సముద్రం వైపు చూశారు. మా తలుపు ఎక్కడుందో నాకే తెలియదు, పెద్దమ్మ తెప్పలో అడుగున ఎక్కడో ఉంది, ఒడ్డుకి మైలు దూరంలో.

పదకొండుదాకా ఒడ్డున నిలబడ్డారు. తెప్పలు ఒడ్డు కనబడేంత దూరం రావడం, వీళ్లని చూసి మళ్లీ వెనక్కి తిరగడం. ఆఖరికి ఆవిడ పలకలో ఏదో రాసుకుంది. ఆచూకీ లేని కారణంగా నోటీసు జారీ వాయిదా అట. వీళ్ల భాషలో మా గెలుపు ఇంత నీరసంగా ఉంటుంది. రేపు కొత్త తలుపులు తెస్తారేమో. తేనీ. మాకు ఇంకా పదహారు తెప్పలు వస్తాయి.

వెళ్లేముందు ఆవిడ ఒడ్డున వల బాగు చేసుకుంటున్న గురయ్య మావ దగ్గర ఆగింది. చుట్టుపక్కల చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"మా క్వార్టరుకీ ఉందండీ ఆ తలుపు. నలభై రెండు, నలభై మూడు... ఎప్పుడూ అంచునే. ఆ తలుచుకోవడం... ఎలా మొదలుపెట్టాలి?"

గురయ్య మావ వల పక్కన పెట్టాడు. "సెప్పకూడదమ్మా. కానీ ఎవుర్నయినా తలుసుకున్నాక ఎవులికీ సెప్పీకు. ముక్కెంగా సదువుకున్నోళ్లకి" అన్నాడు.

నేను తల దించుకున్నాను. ఆవిడ మీద అసహ్యం అలాగే ఉంది, జాలి కూడా వచ్చి పక్కన కూర్చుంది. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

మధ్యాహ్నం పెద్దమ్మ తెప్ప వచ్చింది. మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి తాడు అందుకున్నాను. ఒళ్లంతా ఉప్పు, నడుముకి కట్టుకున్న వలసంచిలో కవ్వల్ల చేపలు మిలమిలలాడుతున్నాయి. తొమ్మిది నెలల వాణ్ని అక్కడే కట్టుకుందట.

తెప్ప తల మీద చెయ్యి వేశాను. మంత్రిగారి బొమ్మ ఉప్పుకి పొరలు పొరలుగా లేచిపోయింది. మీటరు చిల్లుల నిండా ఇసక. నిన్నటి నుంచి మాట్లాడటం లేదట. నా ముందు ఉన్నది ఆవిడ ఒక్కతే. ఆవిడకే ధన్యవాదం చెప్పాను. ఇరవై ఏళ్ల అప్పు ఒక ముక్కలో చెబితే ఎలా ఉంటుందో అలా వచ్చింది.

పెద్దమ్మ తాడు ముడి వెయ్యడం ఆపి నా మొహంలోకి చూసింది. కళ్లు చికిలించి, మీటరు లాగా పెదాలు బిగించింది.

"ముప్పై తొమ్మిది" అంది.

"పెద్దమ్మా! నలభైకి ఒక్కటే తక్కువ!"

"అందుకే. రేపు మల్లీ సెప్పు."

వలసంచి విప్పి నా చేతుల్లో పడేసి, తలుపు లేని ఇంటి వైపు నడిచింది.